పట్టూ విడుపూ: అయస్కాంతపు చక్కు కథ

అయస్కాంతానికి మన భాషలో ఉన్న అచ్చతెలుగు పేరు సూదంటురాయి. సూదిని అంటించుకొనే రాయి అని అర్థం. ఈ మాటను పుట్టించినవాడెవడో గాని గునపాన్నీ గొడ్డలినీ విడిచి సూదినే ఎన్నుకొన్నాడు. అది చాలా నిజాయితీ గల ఎన్నిక. నేలలో దొరికే అయస్కాంతశిల బలం అంతంతమాత్రం. గునపాన్ని అది కదపలేదు, సూదిని మాత్రం లాగగలదు. చిన్న వస్తువుకూ అయస్కాంతానికీ ఉన్న ఆ పాత చుట్టరికం గురించే ఈ టపా.

సంస్కృత వాఙ్మయంలో అయస్కాంతం కనబడే చోట్లలో మూడు నాకు ఇష్టమైనవి. వైశేషిక సూత్రాలలో కణాదుడు, సూది అయస్కాంతం వైపు జరగడానికి కారణం 'అదృష్టం' అన్నాడు. ఇక్కడ అదృష్టమంటే లాటరీ తగలడం కాదు, కంటికి కనబడని కారణం. కుమారసంభవం ద్వితీయ సర్గలో కాళిదాసు, శివుని మనసును ఉమ సౌందర్యం లాగవలసిన తీరును ఇనుమును లాగే అయస్కాంతంతో పోల్చాడు. మూడవవాడు సుశ్రుతుడు. శరీరంలో గుచ్చుకొన్న శల్యాలను వెలికితీసే పదిహేను ఉపాయాలలో అయస్కాంతాన్ని కూడా లెక్కించాడు. ఒకరు కారణం వెతికారు, ఒకరు ఉపమానం చేసుకొన్నారు, ఒకరు పనికి పెట్టారు. పనికి పెట్టిన సుశ్రుతుడే షరతులు కూడా చెప్పాడు. ములికికి చెవులు ఉండకూడదు, అది లోపల గట్టిగా పట్టుకొని ఉండకూడదు, గాయపు నోరు ఇరుకుగా ఉండకూడదు. అయస్కాంతం ఎక్కడ పని చేస్తుందో, ఎక్కడ చేయదో తెలిసికొని వాడాలన్న ఆ వైద్యుని జాగ్రత్త నేటి యంత్రశాలకు కూడా వర్తిస్తుంది.

తెలుగు పండితునికి యంత్రశాలతో ఏమి పని అని మిత్రులు అడుగవచ్చు. మా పూర్వవిద్యార్థి ఒకడు బాలానగరులో చిన్న టూల్‌రూము నడుపుతున్నాడు. పండుగకు ఊరికి వచ్చినప్పుడు మాటల్లో, కొత్త మేగ్నెటిక్ చక్ కొనాలని చెప్పాడు. "ఏమున్నదిరా, ఎక్కువ బలమున్నది కొనుక్కో" అన్నాను. "బలం చూసి కొంటే చిన్న జాబ్‌లు నిలవవు మాస్టారూ" అన్నాడు. బలమైన అయస్కాంతం చిన్న ముక్కను పట్టుకోలేకపోవడమేమిటన్న వింత నన్ను పుస్తకాల వెంట తిప్పింది. అర్థం కాని చోట్ల వాడే కాగితం మీద గీతలు గీసి నాకు పాఠం చెప్పాడు. అలా పోగైనదే ఈ వ్యాసం.

ముందు మాటలు విప్పుకొందాము. సాన పట్టవలసిన ముక్కను కార్మికులు జాబ్ అంటారు. ఆ ముక్కను యంత్రం మీద కదలకుండా పట్టి ఉంచే సాధనం చక్కు. సర్ఫేస్ గ్రైండరు అనే యంత్రంలో ఒక బల్ల ముందుకూ వెనక్కూ జరుగుతూ ఉంటుంది. దాని పైన సానచక్రం మహావేగంతో తిరుగుతూ జాబ్ పైపొరను సన్నగా తీసివేస్తుంది. మిల్లీమీటరులో వెయ్యోవంతు మైక్రాను. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రానులు. మంచి గ్రైండరు మీద మంచి పనివాడు రెండు మూడు మైక్రానుల తేడాతో ముక్కను చదును చేస్తాడు. అంత సూక్ష్మమైన పనిలో జాబ్‌ను దేనితో, ఎలా పట్టి ఉంచాలన్నది పెద్ద ప్రశ్న.

వైస్ దవడల మధ్య బిగిస్తే సన్నని ముక్క నడుము వంగుతుంది. పైనుండి క్లాంపులు వేస్తే, సాన పట్టవలసిన ముఖాన్నే ఆ క్లాంపులు కప్పివేస్తాయి. గోరంత ముక్కకైతే క్లాంపు వేయడానికి చోటే ఉండదు. గడియారాల పనివారు దీనికొక ఉపాయం పాటించారు. లక్కను వేడి చేసి, దానితో చిన్న భాగాన్ని లేతు మొనకు అతికించి పని చేసేవారు, ముగిశాక మళ్లీ వేడి చేసి ఊడదీసేవారు. చక్కని ఉపాయమే, కాని ఒక్కొక్క ముక్కకు ఎంత ఓపిక కావాలి! పదివేల ముక్కలు ఒకే కొలతతో కావలసిన కర్మాగారానికి లక్క చాలదు. నొక్కకుండా పట్టుకోవాలి, పైముఖాన్ని కప్పకూడదు, పని కాగానే క్షణంలో వదలాలి. ఈ మూడు కోరికలనూ తీర్చగలది అయస్కాంతం. కాని సహజమైన సూదంటురాయికి మూడవ గుణం లేదు. అది పట్టుకొంటుందే గాని తనంతట వదలదు.

విడుపు నేర్పింది విద్యుత్తు. 1820లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఆయర్‌స్టెడ్, తీగలో కరెంటు ప్రవహిస్తే పక్కనున్న దిక్సూచి ముల్లు కదులుతుందని కనుగొన్నాడు. ఇంగ్లండులో విలియం స్టర్జన్, చెప్పులు కుట్టే పనిలో శిక్షణ పొంది తరువాత సైన్యంలో పనిచేసినవాడు, గుర్రపునాడా ఆకారంలో వంచిన ఇనుపకడ్డీకి తీగ చుట్టి 1825లో ప్రదర్శించాడు. ఏడు ఔన్సుల ఇనుము తొమ్మిది పౌండ్ల బరువును ఎత్తింది. కరెంటు తీసివేయగానే వదిలివేసింది. అమెరికాలో ఆల్బనీ పట్టణపు పాఠశాలలో గణితం చెప్పిన జోసెఫ్ హెన్రీ, తీగకు ఇన్సులేషను చుట్టి, చుట్లు పెంచి, 1831లో యేల్ కళాశాల కోసం చేసిన అయస్కాంతంతో రెండు వేల పౌండ్లకు పైగా, అంటే 900 కిలోలకు మించి ఎత్తించాడు. అతడూ ఒక బడిపంతులేనన్న సంగతి చదివినప్పుడు నాకు కలిగిన సంతోషాన్ని మిత్రులు మన్నించాలి.

పట్టూ విడుపూ రెండూ 1831 నాటికే చేతికి వచ్చాయి. మరి యంత్రశాలలో అయస్కాంతపు చక్కు రావడానికి మరో అరవై అయిదేళ్లు ఎందుకు పట్టింది? అయస్కాంతం సిద్ధంగా ఉన్నా, దానికి తగిన పని సిద్ధంగా లేదు. హెన్రీ అయస్కాంతం బ్యాటరీలతో నడిచింది. కార్ఖానాలో రోజంతా కరెంటు కావాలంటే డైనమో రావాలి. అది 1870ల తరువాతనే వ్యాపించింది. అంతకంటె ముఖ్యం, సానచక్రం మారవలసి ఉంది.

ఇక్కడ మన మాట ఒకటి పలుకుతుంది. కురువిందం అనే కఠినశిలను మన దేశంలో పొడి చేసి, కరిగించిన లక్కతో కలిపి సానచక్రాలుగా పోతపోసేవారు. రత్నాలకూ కత్తులకూ అవే సానలు. ఆంగ్లంలోని కోరండం అన్న పేరు ఈ కురువింద శబ్దపు కుటుంబం నుండి వెళ్లినదే. 1891లో అమెరికావాడు ఎడ్వర్డ్ ఆచిసన్ విద్యుత్ కొలిమిలో ఒక కృత్రిమ కఠినపదార్థాన్ని తయారుచేసి, అది కార్బనూ కోరండమూ కలిసినదనుకొని, కార్బొరండం అని పేరు పెట్టాడు. రసాయనపరంగా అది కోరండం కాదు, సిలికాన్ కార్బైడు. కాని పేరులో మన కురువిందం నిలిచిపోయింది. ఆ తరువాత బాక్సైటు నుండి కృత్రిమ కోరండమే వచ్చింది. ఉక్కును సాన పట్టడానికి నేటికీ ఎక్కువగా వాడేది దానినే. చక్రంలోని గరుకు ఒకేరీతిగా ఉండడంతో గ్రైండింగు అంటే కత్తికి పదును పెట్టడం మాత్రమే కాక, కొలత తీర్చే విద్య అయింది.

ఆ విద్యకు రాజధాని అనదగిన ఊరు అమెరికాలోని మాసచూసెట్స్ రాష్ట్రపు వార్సెస్టర్. సానచక్రాలకు పేరుగన్న నార్టన్ కంపెనీ ఆ ఊరిదే. బరువైన గ్రైండింగు యంత్రాన్ని రూపొందించిన చార్లెస్ నార్టన్ 1900లో అక్కడికే చేరాడు. ఆ సానల ఊరిలోనే ఓక్లీ వాకర్ అనే అతడు 1890లలో విద్యుదయస్కాంతపు చక్కును రూపొందించాడు. అతని పేరిట వెలసిన కంపెనీ తన పుట్టుకను 1896గా చెప్పుకొంటుంది. చదునైన ఇనుపపెట్టె, లోపల తీగచుట్టలు, పైన నున్నని పలక. మీట వేస్తే పలక మీది ఇనుపముక్క అంటుకొంటుంది, తీస్తే వదులుతుంది.

దానికి తగిన పని కూడా త్వరలోనే వచ్చింది. మోటారుకారు ఇంజనులో పిస్టనుకు తొడిగే రింగు సన్ననిది, స్ప్రింగులా సాగేది. దవడల మధ్య బిగిస్తే గుండ్రదనం పోతుంది. దాని పక్కముఖాలు మాత్రం ఖచ్చితమైన చదునుతో ఉండాలి. వార్సెస్టర్‌లోనే ఉన్న హీల్డ్ కంపెనీ 20వ శతాబ్ది తొలి దశకంలో ఈ పని కోసం గ్రైండరు చేసింది. రింగు, తిరిగే అయస్కాంతపు చక్కు మీద నొక్కుడు లేకుండా కూర్చుంటుంది. కార్లు వేలల్లోంచి లక్షల్లోకి పోవడంలో ఈ నిశ్శబ్దపు పట్టుకు కూడా వాటా ఉన్నది.

ఇప్పుడు చక్కు లోపల ఏమి జరుగుతుందో చూద్దాము. పై పలక ఒకే ఇనుపరేకు కాదు. ఇనుపపట్టీ, ఇత్తడిపట్టీ, మళ్లీ ఇనుపపట్టీ, ఇలా జమిలిగా అమర్చిన చారలు. ఇనుపపట్టీలలో ఒకటి ఉత్తరధ్రువం, తరువాతిది దక్షిణధ్రువం. మధ్య నున్న ఇత్తడి అయస్కాంతశక్తిని దాటనివ్వని గట్టు. జాబ్ రెండు పట్టీల మీద వంతెనలా పరుచుకొన్నప్పుడు శక్తిరేఖలు ఉత్తరం నుండి బయలుదేరి, జాబ్ గుండా నడిచి, దక్షిణంలో దిగుతాయి. ఆ నడకయే పట్టు. ఒక్క పట్టీ మీద మాత్రమే కూర్చున్న ముక్కకు వంతెన లేదు, కాబట్టి పట్టు నామమాత్రం. చిన్న ముక్కతో మొదటి చిక్కు ఇదే.

బలానికి లెక్క ఉన్నది. అయస్కాంతక్షేత్రం ఒక టెస్లా ఉన్నచోట చదరపు సెంటీమీటరుకు సుమారు 4 కిలోల పట్టు వస్తుంది. బలం క్షేత్రపు వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి ఒకటిన్నర టెస్లాకు అది సుమారు 9 కిలోలు అవుతుంది. అంగడిలో చెప్పే అంకె ఇదే. కాని అది మందమైన, నున్నని, శుభ్రమైన ఇనుపదిమ్మెను నిట్టనిలువుగా పైకి లాగినప్పటి లెక్క. సానచక్రం జాబ్‌ను పైకి లాగదు, పక్కకు నెడుతుంది. ఆ నెట్టుడును ఆపేది ఘర్షణ మాత్రమే, పట్టులో అయిదో వంతో, అంతకంటె తక్కువో. రెండు చదరపు సెంటీమీటర్ల ముక్కకు ఒక టెస్లా దగ్గర నిలువుపట్టు 8 కిలోలైతే, పక్కకు నిలిచేది కిలోన్నర మాత్రమే. అందుకే అనుభవజ్ఞులు చిన్న జాబ్ చుట్టూ దానికంటె కొంచెం పొట్టివైన ఇనుపముక్కలను పేర్చి కంచె కడతారు. కంచె లేని చిన్న ముక్క చక్రం కింద జారితే తుపాకిగుండులా ఎగురుతుంది. చక్రమే పగిలితే అంతకన్న ప్రమాదం. ఇది ప్రాణాలతో పని.

ఇక మా వాడు చెప్పిన వింతకు వద్దాము. బలమైన చక్కు సన్నని ముక్కను ఎందుకు పట్టలేదు? ఇనుములో శక్తిరేఖలకు ఒక హద్దు ఉన్నది. సుమారు రెండు టెస్లాల దగ్గర ఇనుము నిండిపోతుంది, ఆపైన ఎంత తోసినా పట్టదు. పది మిల్లీమీటర్ల వెడల్పున్న పట్టీ నుండి ఒక టెస్లా చొప్పున బయలుదేరిన ప్రవాహం సగం ఇటు, సగం అటు తిరగాలి. అంటే అయిదు మిల్లీమీటర్ల వెడల్పులోని ప్రవాహమంతా, మిల్లీమీటరు మందమున్న రేకులోనికి ఒదగాలి. అందుకు ఆ రేకు అయిదు టెస్లాలను మోయాలి. మోయగలది రెండే. పెద్దకాలువను పిల్లకాలువలోకి మళ్లించినట్లే, నీరు గట్లు దాటి పోతుంది. రేకుకు అందేది రెండైదో వంతు ప్రవాహం. బలం వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి పట్టు సుమారు ఆరో వంతుకు పడిపోతుంది. మిగిలిన బలమంతా గాలిలో తిరిగే ఆర్భాటం.

అదే చక్కులో పట్టీలను సన్నగా చేసి, ఒకటిన్నర మిల్లీమీటర్ల ఇనుము, అర మిల్లీమీటరు ఇత్తడి చొప్పున అమర్చితే, ప్రతి పట్టీ నుండి ముప్పావు మిల్లీమీటరు ప్రవాహమే ఒక్కొక్క పక్కకు తిరుగుతుంది. మిల్లీమీటరు రేకు దానిని సుఖంగా మోస్తుంది. పైగా గోరంత ముక్క కూడా అనేక పట్టీల మీద కూర్చుంటుంది. ఇందులో లోటు కూడా ఉన్నది. సన్నపట్టీల ప్రభావం ఎత్తుకు పోదు, పలకను అంటిపెట్టుకొనే ఉంటుంది. కింద ఒక చిన్న బర్రో, నలుసో, గరుకో ఉంటే పట్టు పోతుంది. మందమైన జాబ్‌లకు వెడల్పుపట్టీలు, చిన్నవాటికీ సన్నవాటికీ సన్నపట్టీలు. మా వాడి మాట వెనుకనున్న రహస్యం ఇంతే: బలం ఎంత అన్న ప్రశ్నకు ముందు, ఎంత దూరానికి, ఎంత సన్నగా పంచబడిన బలం అన్న ప్రశ్న వేయాలి.

చరిత్రకు మళ్లీ వద్దాము. విద్యుదయస్కాంతానికి మూడు బలహీనతలు. తీగచుట్టలు వేడెక్కుతాయి, తీగెల ద్వారా కరెంటు అందాలి, కరెంటు పోతే పట్టు పోతుంది. వీటిని తప్పించాలంటే కరెంటు అవసరంలేని శాశ్వతాయస్కాంతమే కావాలి. కాని పాత ఉక్కు అయస్కాంతాలు బలహీనమైనవి, త్వరగా శక్తి కోల్పోయేవి. 1917లో జపానులో కోటారో హోండా మెరుగైన అయస్కాంతపుటుక్కు చేశాడు. 1931లో అదే దేశపు తోకుషిచి మిషిమా ఇనుము, నికెలు, అల్యూమినియం కలిపి దానిని మించిన మిశ్రలోహాన్ని కనుగొన్నాడు. దానికి కోబాల్టు చేర్చిన రూపాలే తరువాత ఆల్నికో అన్న పేరుతో వ్యాపించాయి. ఆ దశకంలోనే ఇంగ్లండులోని ఉక్కునగరం షెఫీల్డులో జేమ్స్ నీల్ కంపెనీ ఎక్లిప్స్ అన్న పేరుతో శాశ్వతాయస్కాంతపు చక్కును అంగడికి తెచ్చింది.

శాశ్వతాయస్కాంతం ఎలా వదులుతుంది? ఇక్కడి తెలివి మెచ్చదగినది. దానిని ఆర్పరు, దారి మళ్లిస్తారు. పలక కింద అయస్కాంతాల అరను ఒక మీటతో పక్కకు జరుపుతారు. ఒక స్థానంలో శక్తిరేఖలు పై పలక గుండా జాబ్‌లోకి వెళ్తాయి. రెండవ స్థానంలో, చక్కు లోపలి ఇనుములోనే చుట్టు తిరిగి ఇంటికి చేరుకొంటాయి. అయస్కాంతం ఎప్పటిలాగే బలంగా ఉంది, జాబ్‌కు మాత్రం దాని ఊసు లేదు. సూదంటురాయికి లేని విడుపును, దాని బలాన్ని తగ్గించకుండానే మనిషి సంపాదించాడు.

1966 తరువాత అరుదైన మృత్తికాలోహాలతో అయస్కాంతాలు వచ్చాయి. మొదట సమేరియం-కోబాల్టు, 1980ల తొలినాళ్లలో నియోడిమియం. ఈ రెండవదానిని జపానులో మసాతో సగావా, అమెరికాలోని జనరల్ మోటార్స్‌లో జాన్ క్రోట్ వేర్వేరుగా సాధించారు. పిడికిలంత ముక్కకు పాతవాటికి లేని బలం. వీటితోనే మరొక జాతి చక్కు సమర్థమైనది. లోపలి ఆల్నికో అయస్కాంతాల దిశను క్షణకాలపు కరెంటుతో తిప్పివేస్తారు. ఆ క్షణం దాటాక కరెంటు అక్కరలేదు. పట్టు అలాగే ఉంటుంది, వదలాలంటే మరొక్క క్షణపు కరెంటు చాలు. వేడి దాదాపు లేదు, కరెంటు పోయినా పట్టు పోదు.

వేడి సంగతి చిన్నదిగా కనబడుతుంది గాని చిన్నది కాదు. ఉక్కు మీటరుకు, ఒక డిగ్రీకి సుమారు 11 లేదా 12 మైక్రానులు వ్యాకోచిస్తుంది. 80 మిల్లీమీటర్ల ఎత్తున్న చక్కు ఒక్క డిగ్రీ వేడెక్కితే దాని పలక దాదాపు ఒక మైక్రాను పైకి లేస్తుంది. అయిదు డిగ్రీలకు అయిదు మైక్రానులు. మూడు మైక్రానుల కొలత కోసం పనిచేసేవానికి ఇది మొత్తం లెక్క తప్పించే సంగతి. అందుకే చక్కును యంత్రం మీద బిగించాక, దాని పలకను అదే యంత్రంతో, అయస్కాంతం వేసి ఉండగానే సాన పడతారు. పనిలో ఎలా ఉంటుందో అలాగే ఉండగా చదును చేయాలని.

అన్నిటికంటె నన్ను ఆలోచనలో పడేసింది వంకర ముక్క సంగతి. అరటాకులా కొంచెం వంగిన సన్నని రేకును బలమైన చక్కు మీద పెట్టి మీట వేస్తే, అది అణగి చదునుగా కూర్చుంటుంది. సాన పడితే పైముఖం అద్దంలా వస్తుంది. మీట తీయగానే రేకు మళ్లీ వంగుతుంది, దానితో పాటు సాన పట్టిన ముఖం కూడా వంగుతుంది. పట్టులో ఉన్నంతసేపే చదును. దీనికి విరుగుడు మరింత బలం కాదు. పట్టు తగ్గించాలి, ఖాళీ ఉన్నచోట కింద సన్నని కాగితమో రేకో ఇచ్చి ముక్కను ఉన్నదున్నట్లు నిలపాలి, పలుచగా తీయాలి, తిప్పి రెండవవైపు తీయాలి, మళ్లీ తిప్పాలి. వంకర నెమ్మదిగా పోతుంది. ముప్పై అయిదేళ్లు తరగతిగదిలో నిలబడినవానికి ఈ సూత్రాన్ని వేరే వ్యాఖ్యానం అక్కరలేదు.

విడుపు కూడా మీట తీయడంతో పూర్తి కాదు. గట్టిపరచిన ఉక్కు, అయస్కాంతం నుండి విడివడ్డాక కూడా కొంత అయస్కాంతగుణాన్ని తనలో దాచుకొంటుంది. అటువంటి ముక్క ఇనుపరజనును అంటించుకొంటుంది. బేరింగులో పెడితే ఆ రజను బేరింగును తినివేస్తుంది, కొలమానంగా వాడితే కొలత చెడుతుంది. అందుచేత అయస్కాంతాన్ని ఉత్తరంగా, దక్షిణంగా మార్చి మార్చి, ప్రతిసారీ బలం తగ్గిస్తూ, ముక్కలోని జ్ఞాపకాన్ని చెరిపివేస్తారు. మంచి విద్యుదయస్కాంతపు చక్కుల నియంత్రణపెట్టెలో ఈ ఏర్పాటు ఉంటుంది. శాశ్వతాయస్కాంతపు చక్కు కొనేవాడు దీనికోసం వేరే పరికరం పెట్టుకోవాలి. ధర అడిగేటప్పుడు చాలామంది దీనిని లెక్కలో వేయరట.

మన నేల మీద కూడా ఈ విద్యకు చరిత్ర ఉన్నది. 1943లో సికిందరాబాదులో నెలకొన్న ప్రాగా టూల్స్ కర్మాగారం యంత్రసాధనాలకు, ముఖ్యంగా లేతు చక్కులకూ గ్రైండర్లకూ, పేరు తెచ్చుకొన్నది. ఆ తరం కార్మికుల నోట 'ప్రాగా' అన్నది నాణ్యతకు పర్యాయపదం. 1968లో భారత ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థల తోడ్పాటుతో బాలానగరులో టూల్ డిజైన్ కేంద్రసంస్థను స్థాపించింది. అచ్చులూ పంచ్‌లూ గేజీలూ చేయడం అక్కడ శాస్త్రంగా నేర్పుతారు. చుట్టుపక్కల సందుల్లో వెలసిన చిన్న టూల్‌రూములలో మా శిష్యునిదీ ఒకటి.

ఆ సందుల్లో చక్కు ఎంపిక భౌతికశాస్త్రంతోనే తీరదు. 2012లో ఉమ్మడి రాష్ట్రంలో పరిశ్రమలకు విద్యుత్ సెలవులు ప్రకటించిన రోజులు వానికి ఇంకా జ్ఞాపకం. సెలవు ముందుగా చెబితే నష్టం డబ్బుతో పోతుంది. చెప్పకుండా పోయే కరెంటుతో వచ్చేది వేరే ముప్పు. కరెంటు పోయిన క్షణంలో విద్యుదయస్కాంతపు చక్కు జాబ్‌ను వదిలివేస్తుంది. సానచక్రం మాత్రం తన ఊపుతో తిరుగుతూనే ఉంటుంది. పట్టు పోయి వేగం మిగిలిన ఆ కొన్ని క్షణాలే ప్రమాదం. బ్యాటరీ ఆసరా పెట్టవచ్చు, కాని చిన్న టూల్‌రూములో ఆ బ్యాటరీని ఎవరు చూస్తారు? కరెంటుతో సంబంధం లేని పట్టు అక్కడ విలాసం కాదు, పనివాని చేతివేళ్లకు రక్ష.

ఇంతకూ వాడు ఎలా ఎంచుకొన్నాడో చెప్పి ముగిస్తాను. మొదట తన వద్దకు వచ్చే పనులను ఒక నెలపాటు పుస్తకంలో వ్రాసుకొన్నాడు: ముక్క పొడవు, మందం, లోహం. ముప్పాతిక వంతు అయిదు మిల్లీమీటర్ల లోపు మందమున్న పంచ్‌లు, వాషర్లు, గేజీలని తేలింది. ఇత్తడి, అల్యూమినియం ముక్కలను ఏ అయస్కాంతమూ పట్టదు కనుక వాటిని వైస్‌కు విడిచిపెట్టాడు. సన్నపట్టీల శాశ్వతాయస్కాంతపు చక్కు తీసికొన్నాడు. బల్లను నింపే పెద్దది కాక, నిత్యం వచ్చే పనికి సరిపడే చిన్నది. పాత వెడల్పుపట్టీల చక్కును మందమైన దిమ్మెల కోసం ఉంచుకొన్నాడు. మిగిలిన డబ్బుతో అయస్కాంతగుణం తీసే పరికరమూ, కంచె కట్టే ఇనుపముక్కలూ కొన్నాడు. ఎవరి పనిని వారు నెల రోజులు వ్రాసి చూసుకొంటే, అమ్మేవాని మాట కన్న మంచి సలహా అందులోనే దొరుకుతుందని వాడి అనుభవం.

చివరిగా మిత్రులకు ఒక విన్నపం. ఈ వస్తువుకు తెలుగుపేరు లేదు. కార్మికులు ఉత్త 'మేగ్నెట్' అని సరిపెట్టుకొంటారు. నాకు పట్టుపలక అన్న మాట తోచింది. విడుపు అందులో వినబడటం లేదన్న అసంతృప్తి ఉన్నది. మీలో ప్రాగా కార్మికుల పిల్లలు ఉండవచ్చు, లేతు పక్కన పెరిగినవారు ఉండవచ్చు. మీ నాన్నగారో, మామయ్యగారో దీనిని ఏమని పిలిచేవారో గుర్తుంటే వ్యాఖ్యలో వ్రాయండి. పండితులు కల్పించే మాట కన్న, సాన ముందు నిలబడినవారు వాడిన మాటను నిఘంటువులోకి ఎక్కించడమే నాకు ఇష్టం.